వేట చేపలకు బతికున్న మేత: కొనాలా, ఇంట్లోనే పెంచుకోవాలా? చెన్నైలో చేపలు పెంచే తెలుగువాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆస్కార్, అరవానా, ఫ్లవర్‌హార్న్, ఛన్నా (కొరమీను జాతి) లాంటి వేట చేపల్ని ఇష్టంగా పెంచుకునే మనవాళ్ళు చెన్నైలో చాలామందే ఉన్నారు. విల్లివాక్కం, పెరంబూరు, అయనావరం వైపు ఉండేవాళ్ళకు కొళత్తూరు చేపల దుకాణాలు దగ్గరే కాబట్టి ఫీడర్ చేపలు, అంటే వేట చేపలకు మేతగా వేసే చిన్న చేపలు, దొరకడం ఇక్కడ సమస్య కాదు. సులువుగా దొరుకుతున్నాయి గనకే ముందూ వెనకా చూడకుండా ప్యాకెట్ తెచ్చి తొట్టిలో గుమ్మరించేస్తున్నారు. ఏళ్ళ తరబడి పెంచిన చేప వారంలో పోయిందని బాధపడుతూ వచ్చేవాళ్ళను కదిలిస్తే, చాలాసార్లు ఆ ప్యాకెట్‌తో వచ్చిన రోగం దగ్గరికే వెళ్తాం. అలాంటి నష్టం ఇంకొకరికి జరగకూడదని ఈ ప్రశ్నలకు కాస్త వివరంగా జవాబులు రాస్తున్నాను.

వేట చేపకు బతికున్న చేపలు వేసి తీరాలా?

అక్కర్లేదు. ఆస్కార్ సొంత ఊరు దక్షిణ అమెరికా. అక్కడి నదుల్లో అది పురుగులు, రొయ్యలు, నీళ్ళలో రాలిన పండ్లు, చిన్న చేపలు, ఏది దొరికితే అది తింటుంది. సిల్వర్ అరవానా అయితే నీటిపైకి వంగిన కొమ్మల మీది పురుగుల్ని ఎగిరి మరీ పట్టుకుంటుంది. ఫ్లవర్‌హార్న్ మనుషులు సంకరం చేసి పుట్టించిన చేప, దానికి అడవి అలవాటంటూ లేనే లేదు. ఇవన్నీ మంచి పెల్లెట్ల (గుళికల మేత) మీద హాయిగా బతుకుతాయి, రంగు కూడా బాగా వస్తుంది.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. రోజువారీ తిండి పెల్లెట్లు, రొయ్యలు. బతికున్న చేప వారానికోసారి చాలు, అదీ మీ ఇంట్లో పుట్టి పెరిగినదైతేనే. కొన్న చేపను కొన్న రోజే వేయడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు.

మా చేప పెల్లెట్ల వంక చూడనే చూడదు. బతికున్నవి వేయకపోతే చచ్చిపోదా?

ఇది నూటికి తొంభై ఇళ్ళలో ఉండే టెన్షన్. చేప ఒకటి రెండు రోజులు తినకపోతే మనం కంగారుపడి ఫీడర్లు వేసేస్తాం. అలా ఆగితే కావలసింది దొరుకుతుందని అది నేర్చేసుకుంటుంది.

ఒంటినిండా కండ ఉన్న పెద్ద చేప వారం రోజులు పస్తున్నా దానికి ఏమీ కాదు. వేలెడంత పిల్లకు మాత్రం ఈ పద్ధతి వద్దు. దానికి రోజూ తిండి పడాల్సిందే. పెద్ద చేపకైతే నాలుగైదు రోజులు ఏమీ పెట్టకుండా ఉంచి, ఐదో రోజో ఆరో రోజో చచ్చిన గప్పీని (చిన్న ఫీడర్ చేప) పొడవాటి ప్లాస్టిక్ పటకారుతో పట్టుకుని నీళ్ళలో మెల్లగా కదపండి. కదలిక చూసి వస్తుంది. దానికి అలవాటు పడ్డాక గప్పీ బదులు పొట్టు తీసిన పచ్చి రొయ్య ముక్క. ఆ తర్వాత రొయ్య ముక్కలో ఒక పెల్లెట్ గుచ్చి ఇవ్వండి. రొయ్య తగ్గిస్తూ, పెల్లెట్ పెంచుతూ పోండి.

మధ్యలో ఒక దశ వస్తుంది. చేప పెల్లెట్‌ను నోట్లోకి తీసుకుని, రెండు సార్లు నమిలి, ఉమ్మేస్తుంది. చాలామంది అక్కడే విసిగిపోయి ఆపేస్తారు. నిజానికి అదే మంచి గుర్తు, రుచి చూడడం మొదలుపెట్టిందన్న మాట. ఉమ్మిన దాన్ని వలతో తీసేసి మర్నాడు మళ్ళీ ప్రయత్నించండి. అదే తొట్టిలో పెల్లెట్లు ఆత్రంగా తినే ఇంకో చేప ఉంటే పని మరీ సులువు, దాన్ని చూసి ఇదీ తింటుంది. ఇంట్లో ఎవరో జాలిపడి మధ్యలో నాలుగు గప్పీలు వేశారంటే మాత్రం కథ మళ్ళీ మొదటికొస్తుంది, కాబట్టి ఇంటిల్లిపాదికీ ముందే చెప్పి పెట్టండి.

గార్ (పొడుగు మూతి వేట చేప), ఛన్నా లాంటివి ఇంకాస్త మొండికేస్తాయి. అయినా మన ఆంధ్ర, తెలంగాణల్లో కొరమీను సాగు చేసే రైతులు నీటిపై తేలే మేతతోనే వాటిని పెంచుతున్నారు. కొరమీను ఛన్నాల్లో ఒకటే కదా. అంత వేటగత్తె అలవాటు పడిందంటే మీ తొట్టిలోదీ పడుతుంది.

ఫీడర్లు కొనడం కంటే ఇంట్లో పెంచుకుంటే చవకా?

దీనికి లెక్క వేసి చూద్దాం. అడుగు పొడవున్న ఆస్కార్ అరకిలో పైమాటే. రోజుకు దాని బరువులో ఒక శాతం తిండి అనుకున్నా 5 గ్రాములు. రెండు సెంటీమీటర్ల గప్పీ గ్రాములో ఐదో వంతు కూడా తూగదు. అంటే కేవలం గప్పీల మీదే పెంచాలంటే రోజుకు 25, నెలకు 750 కావాలి. ఒక ఆడ గప్పీ నెలకు సుమారు 30 పిల్లలు పెట్టిందనుకుందాం, అందులో సగం బతుకుతాయనుకుందాం. 750 కోసం 50 ఆడ చేపలు ఉండాలి. పిల్లలు మేత సైజుకు రావడానికి దాదాపు రెండు నెలలు. అంటే ఏ క్షణం చూసినా 1,500 పిల్లలు మీ ఇంట్లో పెరుగుతూ ఉండాలి. డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో అది అయ్యే పని కాదు.

వారానికోసారి పదేసి చేపలు వేసే పద్ధతిలో అదే లెక్క చూడండి. నెలకు 40. మూడు ఆడ చేపలు పెట్టే పిల్లలే సరిపోతాయి. ఎందుకైనా మంచిదని ఎనిమిది, పది ఆడ చేపల్ని ఉంచుకున్నా 100 లీటర్ల టబ్ ఒకటి, పిల్లలకు ఇంకొకటి, అంతే. 5 వాట్ల ఎయిర్ పంపు రాత్రింబవళ్ళు నడిచినా నెలకు 4 యూనిట్ల కరెంటు కూడా కాలదు.

డబ్బు ఒక్కటే చూస్తే ప్యాకెట్ చవకే. కానీ కొన్న చేపల్ని రోగాలు బయటపడేదాకా మూడు వారాలు విడిగా ఉంచాలి (వివరం కింద ఉంది), దానికీ ఒక టబ్ కావాలి, పంపు కావాలి, మేత కావాలి. అదే టబ్‌లో ఆడ గప్పీలను ఉంచితే ఆ మూడు నాలుగు వారాల్లో ఒక కాన్పు అయిపోతుంది. సరిగ్గా కొనాలన్నా, ఇంట్లో పెంచాలన్నా చాకిరీ దాదాపు ఒకటే. అలాంటప్పుడు పెంచుకోవడమే నయం.

ఫీడర్‌గా ఏ చేప మంచిది? గోల్డ్‌ఫిష్ చిన్నవి చవకగా దొరుకుతున్నాయి కదా?

గోల్డ్‌ఫిష్ వద్దు. అది కార్ప్ కుటుంబం చేప. దాని ఒంట్లో థయమినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది బి1 విటమిన్‌ను విరగ్గొట్టేస్తుంది. ఎప్పుడో ఒకటి తింటే ఏమీ కాదు. నెలల తరబడి అదే మేతైతే వేట చేప ముందు తిండి తగ్గిస్తుంది, తర్వాత బ్యాలెన్స్ తప్పి పక్కకు ఒరిగి ఈదుతుంది, చివరికి వణుకుతూ గిలగిలలాడుతుంది. యజమాని అది తొట్టి నీళ్ళ లోపమో, ఏదో ఇన్ఫెక్షనో అనుకుని మందుల మీద మందులు పోస్తూ ఉంటాడు. ఇంకో విషయం, ఫ్రీజర్‌లో పెట్టినంత మాత్రాన ఈ ఎంజైమ్ పోదు. ఉడికిస్తేనే పోతుంది.

ఇంట్లో పెంచడానికి గప్పీ, మోలీ మేలు. గుడ్లు పెట్టి పొదిగే గొడవ లేదు, నేరుగా పిల్లలు పెడతాయి. గప్పీకి మూడు నుంచి నాలుగు వారాలకో కాన్పు. ఒక్కసారి మగ చేపతో కలిస్తే ఆడ చేప ఆ వీర్యాన్ని దాచుకుని తర్వాత కొన్ని కాన్పుల దాకా వాడుకుంటుంది. చెన్నై వేడికి హీటర్ అక్కర్లేదు. మన బోరు నీళ్ళ గట్టిదనం వాటికి ఇష్టం కూడా. పెద్ద ఆస్కార్‌కో అరవానాకో గప్పీలు మరీ చిన్నవైతే మోలీలు పెంచండి, కాస్త కండ ఉంటుంది.

కాన్విక్ట్ సిక్లిడ్‌లు కూడా విపరీతంగా పిల్లలు పెడతాయి, కానీ తల్లిదండ్రుల జంట ఆ తొట్టిలో ఇంకెవరినీ బతకనివ్వదు. తిలాపియా జోలికి వెళ్ళకండి. దీన్నే చెన్నై మార్కెట్లలో జిలేబి అంటారు. వీపు మీద గట్టి ముళ్ళుంటాయి, పైగా ఏ కాలువలోకి జారినా అక్కడ పాతుకుపోతుంది. జెల్ల పిల్లల్ని ఎప్పుడూ వేయకండి. వాటి రెక్కల ముల్లు విచ్చుకుని గొంతులో అడ్డం పడితే వేట చేపకు మింగలేక కక్కలేక ప్రాణం పోతుంది.

కాలువలో, గుంటల్లో పట్టిన గప్పీలు ఉచితంగా దొరుకుతాయి. అవి వేయొచ్చా?

వద్దు. దోమల నివారణ కోసం గప్పీని ఇరవయ్యో శతాబ్దం మొదట్లో, గంబూసియా అనే చిన్న చేపను 1928లో మన దేశానికి తెచ్చారు. ఆ రెండూ ఇప్పుడు ఊరూరా మురుగు కాలువల్లో ఉన్నాయి. అవి బతుకుతున్నాయంటే ఆ నీళ్ళు మంచివని కాదు, ఆ చేపలు అంత మొండివి. ఆ మురుగులోని పురుగులు, కాలువలో చల్లే దోమల మందు, ఫ్యాక్టరీల నీళ్ళు, అన్నీ వాటి ఒంట్లోకి చేరి ఉంటాయి.

కొళత్తూరులో కొనేటప్పుడు ఏం చూడాలి?

ఇంట్లో పెంపకం మొదలుపెట్టడానికైనా మొదటి విడత కొనాల్సిందే కదా. ఫీడర్ల తొట్టిలోంచి కాకుండా అలంకారానికి అమ్మే మామూలు గప్పీల్లోంచి తీసుకోండి. ఒక్కోదానికి ఎక్కువే అవుతుంది, కానీ కొనేది పది పన్నెండే. ఫీడర్ల తొట్టిలో వందల కొద్దీ కిక్కిరిసి ఉంటాయి, రోజూ కొత్త సరుకు పాతదానిలో కలుస్తుంది, ఎక్కడి నుంచి వచ్చాయో అమ్మేవాళ్ళకే తెలియదు.

వల వేయకముందే ఐదు నిమిషాలు నిలబడి చూడండి. నీళ్ళపైన నోళ్ళు తెరిచి గాలి పీలుస్తున్నాయా? రెక్కలు ఒంటికి అతుక్కుని ఉన్నాయా? ఉప్పు రవ్వ చల్లినట్టు తెల్ల చుక్కలున్నాయా? గాజుకో గులకరాళ్ళకో ఒళ్ళు రాసుకుంటున్నాయా? ఇవి చాలామందికి తెలిసినవే. ఎక్కువమంది చూడనిది ఇంకొకటుంది. ఆడ గప్పీ కదలకుండా ఆగినప్పుడు మలద్వారం దగ్గర చూడండి. సన్నటి ఎర్రటి పోగులు రెండో మూడో బయటికి కనిపిస్తాయి. చేప ముందుకు కదలగానే అవి లోపలికి ముడుచుకుంటాయి. అది కామలానస్ అనే పురుగు. ఒక్క చేపకు కనిపించినా ఆ తొట్టి మొత్తం వదిలేయండి. అన్నా, తొందరేం లేదు, ఇంకో తొట్టి చూపించండి అంటే వాళ్ళేమీ అనుకోరు.

చేపలు కొనడానికి పొద్దున్నే వెళ్ళడం మేలు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం బండి మీద ప్యాకెట్ తెస్తే ఇంటికొచ్చేసరికి నీళ్ళు కాగిపోతాయి.

కొన్న చేపల్ని ఎన్ని రోజులు విడిగా ఉంచాలి? ఎలా?

కనీసం మూడు వారాలు, నాలుగైతే మంచిది.

ఎందుకంత సేపు అంటే, తెల్లచుక్క తెగులు పరాన్నజీవి చేప చర్మం కింద దాక్కుని ఉన్నప్పుడు ఏ మందూ దాన్ని తాకదు. బయటపడి నీళ్ళలో ఈదుతున్నప్పుడే చస్తుంది. చెన్నై వేడికి ఆ చక్రం నాలుగైదు రోజుల్లో ఒకసారి తిరుగుతుంది. చూడ్డానికి శుభ్రంగా ఉన్న చేపలో కూడా అది ఉండొచ్చు. కామలానస్ అయితే వారాల దాకా బయటపడదు. యాంకర్ పురుగు, చేప పేను కూడా చిన్నగా ఉన్నప్పుడు కంటికి ఆనవు.

పద్ధతి పెద్ద కష్టమేం కాదు. మూత ఉన్న 40, 50 లీటర్ల ప్లాస్టిక్ టబ్, అడుగున ఇసుక, రాళ్ళు ఏమీ వద్దు. లేత రంగు టబ్ అయితే మలం రంగు, రాలిన పురుగులు తేలిగ్గా కనిపిస్తాయి. స్పాంజ్ ఫిల్టర్‌ను ముందే కొన్ని వారాలు పెద్ద తొట్టిలో నడిపి ఉంచుకుంటే అందులో మంచి బ్యాక్టీరియా చేరి అమ్మోనియా పెరగదు. ఆ స్పాంజ్ ఒకసారి ఈ టబ్‌లోకి వచ్చాక మళ్ళీ పెద్ద తొట్టిలోకి వెళ్ళకూడదు. వల, పైపు, మగ్గు, అన్నీ విడి. తడిసిన చేయి కూడా కడుక్కున్నాకే పెద్ద తొట్టి దగ్గరికి వెళ్ళాలి.

అయోడిన్ కలపని రాళ్ళ ఉప్పు లీటరుకు 2, 3 గ్రాములు, ఒకేసారి కాకుండా రెండు రోజుల్లో కొంచెం కొంచెంగా కలపండి. గప్పీలు దాన్ని హాయిగా తట్టుకుంటాయి, తెల్లచుక్కకు అది గిట్టదు. రోజు విడిచి రోజు పావు వంతు నీళ్ళు మార్చండి, తీసిన నీళ్ళకు సరిపడా ఉప్పు మళ్ళీ కలపండి. చచ్చిన చేపను కనబడిన వెంటనే తీయాలి, లేకపోతే మిగతావి దాన్ని పీక్కు తిని వాటికీ అంటుకుంటుంది.

ఎర్ర పురుగు బయటపడితే లెవామిసోల్ మందు పని చేస్తుంది, పశువైద్యుడిని అడిగి మోతాదు తెలుసుకోండి. కానీ ఆ విడత చేపల్ని మేతకు మాత్రం వాడకండి. మందులు వేసిన చేపలేవైనా అంతే. పాతవాటిలో నాలుగు కొత్తవి కలిపారంటే లెక్క మళ్ళీ మొదటి రోజు నుంచే.

ఇన్ని రోజులెందుకు, ఉప్పు నీళ్ళలోనో మిథిలీన్ బ్లూ అనే నీలి మందులోనో ఒకసారి ముంచి వేసేస్తే?

ఒంటి పైనున్న కొన్ని పోతాయి. పేగుల్లోని పురుగులు, చర్మం కింద దాక్కున్నవి అలాగే ఉంటాయి. వేట చేప మింగేది చేప మొత్తాన్ని, పై చర్మాన్ని కాదు.

ఇంట్లో గప్పీల పెంపకానికి ఏమేం కావాలి?

ఒక మగ చేపకు మూడు ఆడ చేపల లెక్కన పెట్టండి. మగవి ఎక్కువైతే ఆడవాటిని వెంటాడి వెంటాడి అలసిపోయేలా చేస్తాయి. 100 లీటర్ల టబ్, ఎయిర్ పంపు, స్పాంజ్ ఫిల్టర్, వారానికోసారి పావు వంతు నీళ్ళ మార్పు. ఎండ నేరుగా పడని బాల్కనీ మూల చాలు.

కడుపుతో ఉన్న ఆడ చేపను పైనుంచి, పక్కనుంచి చూడడం అలవాటు చేసుకోండి. పొట్ట వెనక భాగంలో ఒక నల్ల మచ్చ ఉంటుంది. రోజులు దగ్గరపడే కొద్దీ అది ముదిరి పెద్దదవుతుంది, పొట్ట గుండ్రంగా ఉండేది కాస్తా ముందువైపు పలకలు తేలినట్టు అవుతుంది. కొన్ని చేపలకైతే ఆ మచ్చ లోపల పిల్లల కళ్ళు చుక్కలుగా కనిపిస్తాయి. అప్పుడు అది గుంపుకు దూరంగా, ఓ మూల నీడలో ఆగి ఉంటుంది. ఆ రోజో మర్నాడో పిల్లలు పెడుతుంది. ఇది చూసినప్పుడు పిల్లలే కాదు, ఇంట్లో పెద్దవాళ్ళు కూడా టబ్ దగ్గర నుంచి కదలరు.

పిల్లలకు రోజుకు మూడు నాలుగు సార్లు కొంచెం కొంచెంగా పెట్టాలి. పొడి చేసిన మేత, ఉడికించిన గుడ్డు పచ్చసొన చిటికెడు. పచ్చసొన ఎక్కువైతే నీళ్ళు గంటల్లో చెడిపోతాయి, జాగ్రత్త. వీలైతే అప్పుడప్పుడు ఆర్టీమియా (ఉప్పునీటిలో పెరిగే రొయ్యలాంటి చిన్న జీవి) గుడ్లు పొదిగించి వేయండి, పెరుగుదల కంటికే తెలుస్తుంది. ఏడాదికోసారి కొత్త మగ చేపల్ని తెచ్చి, వాటినీ విడిగా ఉంచిన తర్వాతే కలిపితే సంతతి బలహీనపడదు.

తల్లులే పిల్లల్ని తినేస్తున్నాయి. ఏం చేయాలి?

గప్పీల అలవాటే అది. పిల్లలు దాక్కోవడానికి చోటు చూపించాలి, అంతే. హైడ్రిల్లా, జావా మాస్ లాంటి నీటి మొక్కలు దట్టంగా వేయండి. గుర్రపు డెక్క దొరికితే దాని వేళ్ళు ఇంకా మంచివి, కాకపోతే చెరువులోంచి తెస్తే దానితో పాటు నత్తలు, తూనీగ పిల్లలు వస్తాయి. బాగా కడిగి, కొన్ని రోజులు వేరే బకెట్‌లో ఉంచి వేయండి. ఏదీ దొరక్కపోతే ప్లాస్టిక్ తాడు విప్పి, పోగులన్నీ ఒక చోట కట్టి వేలాడదీయండి. పని జరుగుతుంది. దుకాణాల్లో అమ్మే చిన్న ప్రసవం డబ్బాలో ఆడ చేపను రోజుల తరబడి బంధించడం నాకు నచ్చదు. ఒత్తిడికి పిల్లలు ముందే పడిపోతాయి.

మెట్రో వాటర్, బోరు నీళ్ళు, లారీ నీళ్ళు: ఏవి వాడాలి?

గప్పీలకు బోరు నీళ్ళు బాగుంటాయి. మరీ ఉప్పగా ఉంటే సగం మెట్రో వాటర్ కలపండి. మెట్రో వాటర్‌లో క్లోరిన్ ఉంటుంది. ఒక రోజంతా వెడల్పాటి టబ్‌లో గాలి కొడుతూ ఉంచాలి, లేదా దుకాణంలో దొరికే క్లోరిన్ తీసే మందు వాడాలి. కండలేరు నుంచి తెలుగుగంగ కాలువలో పూండికి వచ్చే కృష్ణా నీళ్ళు కూడా ఈ సరఫరాలో కలుస్తాయి. మన నీళ్ళే కదా అని క్లోరిన్ సంగతి మరవకండి!

ట్యాంకర్ నీళ్ళు ఒక్కో లోడు ఒక్కో రకం. కొత్త లోడు వచ్చిన రోజు నీళ్ళు మార్చకండి. రెండు గప్పీలను చిన్న బకెట్‌లో ఆ నీళ్ళలో ఒక రోజు ఉంచి చూస్తే తెలిసిపోతుంది. 2019 వేసవిలా నీళ్ళకు కటకట వచ్చినప్పుడు చేపల సంఖ్య తగ్గించుకోవడం ఒక్కటే దారి.

టబ్‌లు మిద్దె మీద పెట్టొచ్చా? దోమలు రావా?

గప్పీలు ఉన్న టబ్‌లో దోమ లార్వా మిగలదు. దోమలు పెరిగేది మీరు పక్కన నీళ్ళు పట్టి వదిలేసిన ఖాళీ బకెట్‌లో.

మిద్దె మీద అసలు సమస్యలు రెండు. మే నెల ఎండకు నీళ్ళు బాగా వేడెక్కి వాటిలో ఆక్సిజన్ తగ్గిపోతుంది. గ్రీన్ నెట్ కట్టండి, లోతైన టబ్ వాడండి, పంపు ఆగనివ్వకండి. రెండోది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే వానలు. ఒక్క రాత్రి వానకు టబ్ పొంగి చేపలు మిద్దె గొట్టంలోంచి వీధి కాలువలోకి పోతాయి. టబ్ అంచుకు నాలుగు వేళ్ళ కింద రంధ్రం పెట్టి, దానికి లోపలి వైపు సన్న జాలీ అతికించండి. పైన కూడా జాలీ ఉంటే కాకులు, తూనీగలు రావు. తూనీగ గుడ్లు పెట్టిందంటే దాని పిల్లలు గప్పీ పిల్లల్ని వరసపెట్టి తినేస్తాయి.

ఒకసారికి ఎన్ని వేయాలి?

ఐదు నిమిషాల్లో ఎన్ని తింటుందో అన్నే. చేప నోటి వెడల్పు కన్నా పెద్దది వేయకూడదు. యాభై గుమ్మరించి, తిన్నప్పుడు తింటుందిలే అని వదిలేస్తే, మిగిలినవి ఫిల్టర్‌లో ఇరుక్కుని చస్తాయి, రాత్రిపూట వేట చేప రెక్కలు కొరుకుతాయి, నీళ్ళలో అమ్మోనియా పెంచుతాయి.

వేసే ముందు రెండు రోజులు ఆ గప్పీలకు మంచి మేత, స్పిరులినా అనే నాచు కలిసినది, కడుపునిండా పెట్టండి. ఫీడర్ కడుపులో ఉన్నదే చివరికి మీ చేపకు అందే పోషణ. దుకాణం నుంచి వచ్చిన ఆకలి గప్పీలో ముల్లూ చర్మమూ తప్ప ఏముంటుంది?

చేపల మార్కెట్ నుంచి తెచ్చి పెట్టొచ్చా?

నిక్షేపంగా. చింతాద్రిపేటలోనో కాశిమేడులోనో మీ ఇంటికి తెచ్చుకునే రొయ్యల్లోంచి నాలుగు తీసి పెట్టుకోండి. కడిగి, ముక్కలు చేసి, ఒక పూటకు సరిపడా చిన్న పొట్లాలుగా ఫ్రీజర్‌లో పెడితే నెల గడిచిపోతుంది. చిన్న రొయ్యను పొట్టుతోనే వేస్తే రంగుకు మంచిది. నెత్తళ్ళు చవకే కానీ వాటిలోనూ థయమినేజ్ ఉంటుంది, రోజూ అవే వద్దు. కోడి కాలేయం, గొడ్డు మాంసం లాంటివి వద్దు. ఆ కొవ్వు చేపకు అరగదు. రసాయనాలు చల్లని తోటలోంచి తీసిన వానపాములు మాత్రం ఆస్కార్‌కు పండగ.

ప్రాణమున్న చేపను ఇంకో చేపకు వేయడం పాపం కాదా?

ఈ ప్రశ్న అడిగేవాళ్ళంటే నాకు గౌరవం. ఇంట్లో అమ్మో అత్తగారో దీని గురించి బాధపడితే దాన్ని కొట్టిపారేయకండి.

ప్రకృతిలో జరిగేదే కదా అనడం నాకు పూర్తి జవాబుగా తోచదు. నదిలో చిన్న చేపకు పారిపోయే చోటుంటుంది, గాజు తొట్టిలో ఉండదు. అందుకే అవసరానికి మించి వేయను, ఆటవిడుపుగా వచ్చినవాళ్ళకు చూపించడానికి వేయను, ఫోన్లో వీడియో తీయడానికి అసలే వేయను. ఫీడర్ కూడా బతికినన్నాళ్ళు శుభ్రమైన నీళ్ళలో, కడుపునిండా తిని బతకాలి. ఇంట్లో పెంచడంలో అది మన చేతిలో ఉంటుంది. మనసు ఒప్పకపోతే అస్సలు వేయకండి. మీ చేపకు ఏ లోటూ రాదు.

తొట్టి శుభ్రం చేశాక చేతి మీద పుండు పడి మానడం లేదు. సంబంధం ఉందా?

ఉండొచ్చు. చేపలకు క్షయ లాంటి జబ్బు తెచ్చే మైకోబ్యాక్టీరియం మరీనమ్ అనే బ్యాక్టీరియా మన చేతి గాయాల్లోంచి లోపలికి పోగలదు. వారాలు గడిచినా మానని గడ్డ, పుండు ఉంటే చర్మ వైద్యుడి దగ్గరికి వెళ్ళి, చేపలు పెంచుతున్న సంగతి తప్పకుండా చెప్పండి. చెప్పకపోతే వాళ్ళకు ఆ అనుమానమే రాకపోవచ్చు. చేతికి గీత పడి ఉంటే గ్లవ్స్ లేకుండా తొట్టిలో చేయి పెట్టకండి.

చేప పెద్దదైపోయింది, గప్పీలూ ఎక్కువైపోయాయి. చెరువులో వదిలేయొచ్చా?

వద్దు. రెట్టేరి అయినా, పోరూరు చెరువైనా, గుడి కోనేరైనా సరే. 2018 వరదల తర్వాత కేరళ నదుల్లో అమెజాన్ పెద్ద చేప అరపైమా దొరికింది. 2023లో శ్రీనగర్ దాల్ సరస్సులో ఎలిగేటర్ గార్ కనబడింది. తొట్టి గాజు శుభ్రం చేస్తుందని కొనే సక్కర్ చేపే ఇవాళ కృష్ణా, గుంటూరు వైపు చెరువుల్లో డెవిల్ ఫిష్ పేరుతో వలలు చింపి రైతుల్ని ఏడిపిస్తోంది. అదంతా ఎవరో ఒకరు, చంపలేక, జాలితో వదిలినదే.

పెద్ద చేపను తిరిగి తీసుకునే దుకాణాలున్నాయి, డబ్బు రాకపోయినా ఇచ్చేయండి. ఇంకా పెద్ద తొట్టి ఉన్నవాళ్ళకు అప్పగించండి. ఎలిగేటర్ గార్, రెడ్‌టెయిల్ క్యాట్‌ఫిష్ పిల్లలు అరచేతిలో ఇమిడినప్పుడు ముద్దుగా ఉంటాయి, మనిషంత పెరుగుతాయని కొనేటప్పుడే గుర్తు చేసుకోండి. గప్పీలు ఎక్కువైతే మగవాటిని విడదీయండి, రెండు మూడు నెలల తర్వాత కాన్పులు తగ్గుతాయి.

సంక్రాంతికి వారం రోజులు ఊరెళ్తున్నాం. తొట్టిలో కొన్ని గప్పీలు వదిలి వెళ్ళమంటారా?

వద్దు. మొదటి రోజే అన్నీ తినేసి మిగతా ఆరు రోజులు తన మలంతో నీళ్ళు పాడుచేసుకుంటుంది, లేదా తినకుండా వదిలినవి చచ్చి కుళ్ళుతాయి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేప వారం పస్తుంటే ఏమీ కాదని పైనే చెప్పాను. వెళ్ళే ముందు రోజు పావు వంతు నీళ్ళు మార్చి, ఆ రోజు మేత సగం చేయండి. మూత మీద బరువు పెట్టండి, అరవానా, ఛన్నా ఎగిరి బయటపడతాయి. గప్పీ పిల్లలకు మాత్రం ఎవరో ఒకరు రోజూ మేత వేయాలి. ఒక్కో రోజు మేతను ఒక్కో కాగితం పొట్లంలో కట్టి, పొట్లాల మీద తేదీలు రాసి పక్కింటివాళ్ళకు ఇవ్వండి. డబ్బా మొత్తం ఇచ్చారంటే వాళ్ళు ప్రేమకొద్దీ రోజుకు ఐదుసార్లు వేస్తారు. కరెంటు పోతే ఆగకుండా బ్యాటరీ మీద నడిచే ఎయిర్ పంపు ఒకటి పెద్ద తొట్టికి, ఇంకొకటి గప్పీల టబ్‌కు పెట్టి, రెండూ పని చేస్తున్నాయో లేదో ప్లగ్ తీసి ఒకసారి చూసుకుని బయల్దేరండి.